మూడుసార్లు పడ్డ వేలిముద్ర

"పన్నెండు స్ట్రిప్పులు ఎటు పోయినయి, రాజనర్సన్నా?"

సుకన్య ఈ మాట అడగడం నాలుగోసారి. రాజనర్సు నాలుగోసారి కూడా కౌంటరు మీది గాజుపలకనే చూస్తూ కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. బోధన్ బస్టాండు వెనక ముప్పై ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో అతని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇవాళ మాత్రం షట్టరు సగం దించుకుని, ఫ్యాను కింద కూర్చుని కూడా చెమటలు కక్కుతున్నాడు.

"అమ్ముకోలేదు మేడం," అన్నాడు చివరికి. "గంతవరకే చెప్త. ఇంకేం అడగకుండ్రి."

"అమ్ముకోకుంటే అరల ఉండాలె. అరల లేవు. ఇంకెవరికన్న ఇచ్చినవా?"

రాజనర్సు నుదురు తుడుచుకున్నాడు. సుకన్య గడియారం చూసుకుంది. పదకొండుంబావు.

ఆమె పేదల ఆరోగ్య పథకానికి నిజామాబాద్ జిల్లా విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్. ఈ ఉద్యోగంలోకి రాకముందు తొమ్మిదేళ్లు డయాలసిస్ వార్డులో నర్సుగా చేసింది. అందుకే ఈ కేసు చేతికి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

కేసు చిన్నదే. కోటగిరిలో వర్ష అని పందొమ్మిదేళ్ల పిల్ల. రెండేళ్ల కింద కిడ్నీలు పాడైతే తల్లి నాగవ్వ తన కిడ్నీ ఒకటి ఇచ్చి బతికించుకుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా పిల్ల పొద్దున రెండు, రాత్రి రెండు గోలీలు వేసుకోవాలి. బతికినన్నాళ్లూ వేసుకోవాలి. నెలకు పన్నెండు స్ట్రిప్పులు. బీడీలు చుట్టే నాగవ్వకు వాటిని కొనే శక్తి లేదు. పథకమే కొంటుంది. జాబితాలో ఉన్న ఏ దుకాణానికైనా వెళ్లి మిషన్ మీద బొటనవేలు పెడితే మందు ఇస్తారు, దుకాణానికి పథకం చెల్లిస్తుంది. నెలకు ఒక్కసారే.

ఈ నెల మూడో తారీఖున నిజామాబాద్‌లో ఒక దుకాణం వర్ష పేరు మీద మందు ఇచ్చినట్టు ఎక్కించింది. ఐదో తారీఖున వర్ష బోధన్ వచ్చి రాజనర్సు మిషన్ మీద వేలు పెడితే, మిషన్ కాదంది. ఆరో తారీఖు నుంచి తల్లీబిడ్డలిద్దరూ కనపడటం లేదు. కోటగిరి ఇంటికి తాళం. ఫోను బందు. ఇవాళ తొమ్మిది.

నాలుగు రోజులు ఆ గోలీలు ఆగితే ఏమవుతుందో సుకన్య పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మంచాల పక్కన నిలబడి చూసింది.

షట్టరు చప్పుడు చేస్తూ పూర్తిగా పైకి లేచింది. మధుకర్ లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒకరి చేతిలో లక్క, గుడ్డ సంచి. పథకం క్లెయిములు తనిఖీ చేసే ప్రైవేటు కంపెనీకి మధుకర్ ఈ జిల్లా అధికారి. ఇస్త్రీ చొక్కా, చంకలో టాబ్లెట్. సుకన్య ఏ కేసు పట్టుకున్నా దానికి ముందే ముగింపు రాసుకుని వచ్చే మనిషి.

"మీరింకా అడుగుతనే ఉన్నరా మేడం? నేను సీలు వెయ్యనీకె వచ్చిన."

"ఏం తేలిందని?"

"కొన్న స్ట్రిప్పులు అరవై. బిల్లు చేసినయి ముప్పై ఆరు. అరల ఉన్నయి పన్నెండు. మిగిలిన పన్నెండు బయట అమ్ముకున్నడు. పిల్ల మందు లేక యాడ పడిపోయిందో దేవునికెరుక. ఇంకేం తేలాలె?"

రాజనర్సు తల ఇంకా కిందికి వాలింది. 'పడిపోయింది' అనే మాట దగ్గర మాత్రం అతను ఉలిక్కిపడలేదు. సుకన్య అది చూసింది. తప్పు చేసినవాడైతే ఆ మాటకు వణకాలి. తప్పు చేయనివాడైతే ఏడవాలి. ఈయన రెండూ చేయలేదు. పిల్ల పడిపోలేదని తెలిసినవాడిలా కూర్చున్నాడు.

"ఆగుండ్రి మధుకర్ గారూ. సరిగ్గా పన్నెండే ఎందుకు తక్కువయినయి? అమ్ముకునేటోడు ఐదో, పదిహేనో, ఎన్ని పోతే అన్ని అమ్ముతడు. పన్నెండంటే ఒక్క మనిషికి ఒక్క నెల మందు."

"లెక్కలతోటి కథలు అల్లకుండ్రి."

"అయితే మిషన్‌ను అడుగుదం."

సుకన్య కౌంటరు చివర ఉన్న వేలిముద్ర మిషన్ తన వైపు తిప్పుకుని పాత నమోదులు తెరిచింది. ఐదో తారీఖు. పదకొండు పద్దెనిమిది, పదకొండు పందొమ్మిది, పదకొండు ఇరవై ఒకటి. మూడుసార్లూ పచ్చ గుర్తు: వేలిముద్ర సరిపోయింది. మూడుసార్లూ దాని కింద ఎర్ర అక్షరాలు: ఈ నెల మందు ఇచ్చారు, మళ్లీ చెల్లింపు లేదు.

"చూడుండ్రి. దొంగ అయితే మూడుసార్లు పిల్ల వేలు పెట్టించి, తన మీద తనే సాక్ష్యం రాసుకుంటడా?"

మధుకర్ పెదవి విరిచాడు. "అమాయకుడని అనిపించుకునేందుకు చేసి ఉండొచ్చు."

"సరే. మూడో తారీఖు నిజామాబాద్ దుకాణంల ఎవరి వేలు పడ్డది?"

మధుకర్ టాబ్లెట్ తెరిచి ఒక క్షణం చూశాడు. "వేలు పడలే. 'బీడీ కార్మికురాలు, వేలు అరిగింది' అని రాసిండ్రు. పది నలభై రెండుకు ఒక ఆఫీసరు అనుమతి ఇచ్చిండు."

ఆ పద్ధతి సుకన్యకు కొత్త కాదు. ఏళ్ల తరబడి ఆకు కత్తిరించి బీడీలు చుట్టిన ఆడవాళ్ల బొటనవేళ్లు నున్నగా అరిగిపోతాయి, మిషన్ గుర్తుపట్టదు. అలాంటివాళ్ల మందు ఆగకూడదని పథకంలో ఒక వెసులుబాటు పెట్టారు. దుకాణం అనుమతి అడిగితే ఆఫీసరు ఫోనుకు ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు మిషన్‌లో కొడితే వేలిముద్ర లేకుండానే మందు ఇవ్వొచ్చు. జిల్లాలో ఆ అధికారం ఆరుగురికి ఉంది. సుకన్య అందులో ఒకరు.

"బీడీలు చుట్టేది తల్లి," అంది సుకన్య మెల్లగా. "పిల్ల డిగ్రీ చదువుతుంది. ఆమె వేలు అరగలే. ఐదో తారీఖున మూడుసార్లు పడ్డది. ఇంట్లో తల్లి పని చూసి, కూతురు కూడా బీడీలే చుడుతదని రాసిండ్రు ఎవరో. అనుమతి ఇచ్చింది ఏ ఆఫీసరు?"

మధుకర్ టాబ్లెట్ టక్కున మూసేశాడు. "ఆ పేరు హైదరాబాద్ నుంచి రావాలె."

సుకన్య ఫోను తీసి నిజామాబాద్‌లోని తన ఆఫీసుకు కలిపింది. కంప్యూటర్ ఆపరేటర్ ప్రశాంత్ ఎత్తాడు.

"ప్రశాంత్, పొద్దున అడిగిన మూడో తారీఖు వివరాలు దొరికినయా? అనుమతి ఇచ్చింది ఎవరు?"

"సర్వర్ పనిచేస్తలేదు మేడం. చూస్తనే ఉన్న. రాంగనే చెప్త."

ఆమె ఫోను పెట్టేసి కౌంటరు వెనక్కి వెళ్లింది. ఒక్కో సొరుగు లాగింది. దూది, కత్తెర, రబ్బరు స్టాంపులు. మూడో సొరుగు లాగబోతుంటే రాజనర్సు చెయ్యి అడ్డం వచ్చింది.

"మేడం, అది నా సొంత సొరుగు."

"అందుకే చూస్తున్న అన్నా."

బిల్లు పుస్తకం కింద, నాలుగు మడతలు పెట్టిన రక్తపరీక్ష కాగితం ఉంది. నవీపేట్‌లోని ల్యాబ్. నిన్నటి తేదీ. పేరు రాయలేదు. స్త్రీ, పందొమ్మిదేళ్లు. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి.

సుకన్య ఆ అంకెను రెండుసార్లు చదివింది. నిన్నటికి కిడ్నీ చక్కగా పనిచేస్తోంది. పిల్ల బతికి ఉంది. మందు వేసుకుంటోంది కూడా. సుకన్య దుకాణం మధ్యలో నిలబడి కళ్లు మూసుకుంది.

"రాజనర్సన్నా," అంది కళ్లు తెరిచి, "నువ్వే ఇచ్చినవు కదా?"

ముసలాయన ముఖం మీద కండరాలు సడలాయి.

"ఆ పిల్ల సంచిల రెండంటే రెండే గోలీలున్నయి మేడం. ఆ పూటకు. మిషన్ పైసలు ఇయ్యనన్నదని నేను మందు ఇయ్యనంటానా? పన్నెండు స్ట్రిప్పులు చేతిల పెట్టిన. బిల్లు రాయలే. రాస్తే నెలల రెండుసార్లు తీసుకున్నట్టయి పిల్ల పథకం కార్డు ఆర్నెల్లు ఆగిపోతది. రాయకుంటే నా లైసెన్స్ పోతది. నాదే పోనీ అనుకున్న."

లక్క పట్టుకున్న కానిస్టేబుల్ దాన్ని సంచిలో వేసుకున్నాడు. మధుకర్ గొంతు సవరించుకున్నాడు.

"మాటలు ఎవరైనా చెప్తరు. పిల్ల కావాలె."

"నాకు కూడా అదే కావాలె. పేషెంట్ వాంగ్మూలం లేకుంట దుకాణానికి సీలు వెయ్యొద్దని రాసింది మీ కంపెనీయే. నాకు మూడు గంటల దాక టైమ్ ఇయ్యుండ్రి."

"మూడు దాటితే ఒక్క నిమిషం ఆగ."

"ఆగకుండ్రి."

రాజనర్సు కాగితం ముక్క మీద, నవీపేట్‌లో తల్లీబిడ్డలు దాక్కున్న ఇంటి గుర్తులు రాసి ఇచ్చాడు. నాగవ్వతో ఒకప్పుడు బీడీలు చుట్టిన రాధాబాయి ఇల్లు. జీపు ఎక్కుతూ సుకన్య ప్రశాంత్‌కు మళ్లీ ఫోన్ చేసింది. పిల్ల దొరికినట్టే, నవీపేట్ పోతున్న, సర్వర్ వస్తే ఆ కాగితం అక్కడికే తెచ్చియ్యి అని చెప్పింది. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మంచిదే కదా మేడం," అన్నాడు ప్రశాంత్. "తెస్త."

*

పన్నెండు యాభైకి సుకన్య నవీపేట్ రైల్వే గేటు దాటిన రెండో గల్లీలో, నీలం తలుపు కొట్టింది. తలుపు సందులోంచి రాధాబాయి చూసి, అలవాటుగా మరాఠీలో మొదలుపెట్టింది.

"కాయ్ పాహిజే? ఏం కావాలె?"

"నర్సునమ్మా. వర్షను చూడనీకె వచ్చిన. రాజనర్సన్న పంపిండు."

ఆఫీసరు అని చెప్పి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదని ఆమెకు తెలుసు. నర్సు అనే మాట అబద్ధమూ కాదు.

లోపల వర్ష నేల మీద కూర్చుని పుస్తకం ముందు వేసుకుని ఏదో రాసుకుంటోంది. సన్నటి పిల్ల, రెండు జడలు. సుకన్య పలకరించకుండానే ఎదురుగా కూర్చుని, పిల్ల చీలమండ మీద తన వేలు గట్టిగా నొక్కి వదిలింది. గుంట పడలేదు. నీరు పట్టలేదు. కళ్ల కింద ఉబ్బు లేదు.

"మూత్రం మంచిగొస్తుందా బిడ్డా?"

"ఆఁ అక్కా."

"గోలీలు చూపెట్టు."

వర్ష గుడ్డసంచి తెచ్చింది. ఒక స్ట్రిప్పు ఖాళీ. రెండోదాంట్లో ఆరు మిగిలాయి. పది నిండుగా ఉన్నాయి. ఆరో తారీఖు పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా పద్నాలుగు గోలీలు. ఒక్క పూట తప్పలేదు. స్ట్రిప్పుల అంచు మీది బ్యాచ్ నంబరు, రాజనర్సు అరలో మిగిలినవాటి నంబరు ఒక్కటే.

సుకన్యకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్లు వార్డులో ఎంతమందికి చెప్పిందో, ఎంతమంది వినలేదో. ఈ పిల్ల పరాయి ఇంట్లో దాక్కుని కూడా గడియారం చూసి వేసుకుంది.

అప్పుడు చెప్పింది తాను ఎవరో. నాగవ్వ గోడకు అతుక్కుపోయింది.

"మమ్మల్ని పట్టుకపోతవా బిడ్డా? నేను పోత, పిల్లను ఇడ్సిపెట్టు. కిడ్నీ అంటే ఇచ్చిన గని కేసుల నుంచి ఎట్ల కాపాడాల్నో నాకు తెల్వది."

"ఎవరు చెప్పిండ్రవ్వా కేసని?"

వర్ష చెప్పింది. ఆరో తారీఖు పొద్దున కోటగిరి ఇంటికి ఒకతను వచ్చాడు. మెడలో పథకం ఆఫీసు కార్డు. నెలలో రెండుసార్లు మందు ఎత్తినవు, జైలుకు పోతవన్నాడు. ఐదో తారీఖున బోధన్ పోనేలేదని కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తానన్నాడు.

"నేను పోయిన కదా అక్కా. పోలేదని ఎట్ల రాయాలె? రాయనన్న. మల్ల పోలీసులతోటి వస్తనని పోయిండు. అవ్వ భయపడి తాళమేసింది."

"మంచి పని చేసినవు రాయకుంట," అంది సుకన్య. "నీ వేలు మూడుసార్లు పడ్డది. అదే వాని గొంతు మీద కూసుంది."

పిల్ల చేత వాంగ్మూలం రాయించింది. తర్వాత తన సంచిలోంచి పథకం నియమాల పుస్తకం తీసి, అందరూ మర్చిపోయిన ఒక పేజీ తెరిచి, నాగవ్వకు అర్థమయ్యేలా చెప్పింది. ఆగితే ప్రాణం మీదికి వచ్చే మందును దుకాణందారు ముందు ఇచ్చేసి, ఏడు రోజుల్లోపు రాసి తెలిపితే అది తప్పు కాదు. పథకం చెల్లించాలి కూడా. ఐదు నుంచి ఏడు రోజులంటే పన్నెండో తారీఖు. ఇంకా మూడు రోజులు ఉన్నాయి.

"అంటే రాజనర్సు సేటుకు ఏం గాదా?" నాగవ్వ అడిగింది.

"ఏం గాదు. కార్డు కూడా పోదు."

నాగవ్వ అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రాధాబాయి ఆమె వీపు నిమురుతూ తనకు వచ్చిన మరాఠీలో ఏదేదో అంటోంది. సుకన్య బోధన్‌కు ఫోన్ కలిపింది.

"అన్నా, పిల్ల మంచిగుంది. ఇయ్యాల్నే ఒక ఉత్తరం రాసి దస్కత్ పెట్టు, ఏం రాయాల్నో నేను చెప్త. నీ దుకాణం నీదే."

అవతల, మళ్లీ సగం దించుకున్న షట్టరు పూర్తిగా ఎత్తిన చప్పుడు, ఎవరికో "రా అవ్వా, ఏం కావాలె?" అంటున్న రాజనర్సు గొంతు వినపడ్డాయి. ఫోను పెట్టేయడం కూడా మర్చిపోయాడు.

*

ఒంటి గంట నలభైకి, ఇంటి గుర్తులు రాజనర్సును అడిగి తెలుసుకుని మధుకర్ వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెంట ఉన్నారు. వర్షను, స్ట్రిప్పులను, బ్యాచ్ నంబర్లను చూశాడు. వాంగ్మూలం చదివాడు. అతని ముఖం మీద ఓడిపోయిన ఛాయ లేదు. బోధన్‌లో కనిపించిన తొందరా లేదు.

"మేడం, మీతోటి ఒక మాట. ఇందాక మీకు అబద్ధం చెప్పిన."

"అనుమతి ఇచ్చిన ఆఫీసరు పేరు గురించా?"

"పొద్దున్నే వచ్చింది ఆ పేరు." టాబ్లెట్ తెరిచి ఆమె చేతికిచ్చాడు. మూడో తారీఖు, పది నలభై రెండు. అనుమతి ఇచ్చిన అధికారి: సుకన్య. నంబరు వెళ్లిన ఫోను కూడా ఆమెదే.

సుకన్యకు తల మీద చల్లనీళ్లు పోసినట్టయింది.

"నిజామాబాద్ దుకాణంతోటి, రాజనర్సుతోటి మీరు కలిసిండ్రనుకున్న," అన్నాడు మధుకర్. "అందుకే జల్ది సీలు వేద్దమని చూసిన. మీ వెనక ఇక్కడిదాక వచ్చింది కూడా మిమ్మల్ని పట్టుకోనీకె. గని దారిల ఒకటి యాదికొచ్చింది. మూడో తారీఖు పదిన్నర నుంచి పన్నెండు దాక మీరు యాడున్నరు?"

"జిల్లా మీటింగుల."

"ఎవరి పక్కన?"

సుకన్య తలెత్తి చూసింది. "మీ పక్కన."

"ఒక్కసారి కూడా లేవలే మీరు. నేను సాక్ష్యం చెప్త. మరి మీ ఫోను?"

"మీటింగుకు ఫోన్లు వద్దన్నరు కదా. అందరియి బయట బుట్టల పెట్టిచ్చిండ్రు."

"బుట్ట ఎవరి దగ్గరుంది?"

సుకన్య టాబ్లెట్ అతనికి తిరిగి ఇచ్చేసింది. బుట్ట పట్టుకుని తలుపు బయట కుర్చీలో కూర్చున్నది తన ఆఫీసు మనిషే. తన లాగిన్ తెలిసిన మనిషి. తాళం వేసిన ఫోను తెర మీద కూడా వచ్చిన నంబరు కనపడుతుంది. పొద్దుటి నుంచి పనిచేయని సర్వర్ మధుకర్‌కు మాత్రం ఎలా పనిచేసింది?

ఫోనులో పోయిన నెల ఆఫీసులో దిగిన ఫొటో తెరిచి వర్ష ముందు పెట్టింది. పదకొండు మంది ఉన్నారు.

"వీళ్లల్ల ఎవరన్న మీ ఇంటికొచ్చిండ్రా బిడ్డా?"

వర్ష ఆలోచించలేదు. రెండో వరుసలో చివర నిలబడి నవ్వుతున్న మనిషి మీద వేలు పెట్టింది.

"ఇతనే."

సరిగ్గా ఆ వేలి కిందే ఫోను మోగింది. తెర మీద ప్రశాంత్ పేరు. నాగవ్వ కూతుర్ని లోపలి గదిలోకి లాక్కుంది. ఎత్తొద్దని మధుకర్ తల ఊపాడు. సుకన్య ఎత్తింది.

"మేడం, కాగితం తెచ్చిన. నవీపేట్ గేటు దగ్గరున్న." ఆయాసపడుతున్నాడు. "ఆ పిల్ల ఉన్న ఇల్లు ఏ గల్లీల?"

సుకన్య గది చుట్టూ చూసింది. పిల్ల గోలీల సంచిని గుండెకు హత్తుకుని గడప లోపల నిలబడి ఉంది. దుకాణానికి సీలు వేయడానికి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను మధుకర్ అప్పటికే చెరో పక్క తలుపు వెనక నిలబెడుతున్నాడు. ఆమె గొంతు ఎప్పటిలాగే వచ్చింది.

"గేటు దాటినంక రెండో గల్లీ, నీలం తలుపు. రా ప్రశాంత్. అందరం నీకోసమే ఎదురుచూస్తున్నం."